మీటరు లైటుతో మొదలైన లెక్క: ఇంటి కరెంటు ప్రాజెక్టు డైరీ

1వ రోజు

మా ఇంట్లో నెలకి 310 యూనిట్ల దాకా కాలుతోంది. దేనికి కాలుతోందని అడిగితే మాత్రం ఒక్కరి దగ్గరా సరైన జవాబు లేదు. నాన్న ఫ్రిజ్ అంటారు, అమ్మ నా కంప్యూటర్ అంటుంది, చెల్లి గీజర్ అంటుంది. స్మార్ట్ ప్లగ్గులూ సెన్సర్లూ తెచ్చి లైట్లు వాటంతటవే వెలిగేలా చెయ్యడం నాకూ ఇష్టమే, కానీ ముందు ఈ లెక్క తేలాలి. అందుకని ఈరోజు ఏమీ కొనలేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మీటరు ముందు నిలబడ్డాను.

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది కదా, దాని పక్కనే యూనిట్‌కి ఎన్నిసార్లు మెరుస్తుందో ముద్రించి ఉంటుంది. మాది 3200. యూనిట్ అంటే 1000 వాట్-అవర్ కాబట్టి ఒక్కో మెరుపుకి 0.3125 వాట్-అవర్. రెండు మెరుపుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో వచ్చేస్తుంది. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే 36 లక్షల్ని దానితో భాగించండి, 1125 బదులు మీరు వాడాల్సిన అంకె అదే.

ఫ్యాన్లు, లైట్లు, టీవీ, కంప్యూటర్, గీజర్ అన్నీ ఆపేశాం. ఫ్రిజ్ కంప్రెసర్ శబ్దం ఆగేదాకా కూర్చున్నాం. మా దృష్టిలో ఆ సమయానికి ఇంట్లో ఏమీ నడవట్లేదు. మీటరు లైటు మాత్రం 9 సెకన్లకోసారి మెరుస్తూనే ఉంది. 125 వాట్లు!

చెల్లిని లోపల ఎంసీబీల దగ్గర, అంటే ఒక్కో గదికి విడిగా కరెంటు ఆపే స్విచ్చుల దగ్గర నిలబెట్టాను. "అన్నయ్యా, హాల్‌ది ఆపేశా" అంటుంది, "ఉండమ్మా, రెండు మెరుపులు చూడనీ" అంటాను. హాల్ ఆపగానే 9 సెకన్లు 15 అయ్యాయి, అంటే 75 వాట్లు మిగిలాయి. నా గది ఆపితే 28 సెకన్లు, దాదాపు 40 వాట్లు. వంటగది ఆపాక 75 సెకన్లు పట్టింది, అంటే 15 వాట్లు. ఆ 75 సెకన్లూ లైటు వైపే చూస్తూ నిలబడటం కొంచెం ఓపిక పని, కానీ కాగితం మీద లెక్క రాసేసరికి నాకు భలే ఉత్సాహం వచ్చింది: హాల్ 50, నా గది 35, వంటగది 25, మిగతా ఇల్లు 15. ఎవరూ ఏమీ వాడని సమయంలోనే రోజుకి 3 యూనిట్లు. నెలకి 90. మొత్తం వాడకంలో మూడో వంతుకి కాస్త తక్కువ.

3వ రోజు

వాట్లు చూపించే ప్లగ్ ఒకటి తెచ్చి హాల్లో ఒక్కో వస్తువుకీ పెట్టి చూశాను. టీవీ స్టాండ్‌బైలో ఒక్క వాట్. అందరూ ముందు అనుమానించేది దాన్నే, తీరా చూస్తే దానివల్ల ఏ నష్టమూ లేదు. సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌తో ఆపినా 14 వాట్లు, అంటే దాని లైటు రంగు మారుతుంది తప్ప లోపల అంతా నడుస్తూనే ఉంటుంది. రౌటర్ 9. గేమింగ్ కన్సోల్ 7. అసలు దొంగ పాత సౌండ్ సిస్టమ్. పాట లేకపోయినా ఊఫర్ పెట్టెలో ఆంప్లిఫయర్ ఆన్‌లోనే ఉండి 19 వాట్లు తింటోంది. వెనక చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. ఏళ్ల తరబడి అలాగే ఉందన్నమాట.

స్టాండ్‌బైలో ఏ వస్తువూ ఒక వాట్ దాటకూడదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ప్రతిపాదించింది. యూరోపియన్ యూనియన్ 2013 నుంచి మామూలు స్టాండ్‌బైకి 0.5 వాట్ పరిమితి పెట్టింది. మా టీవీ ఒక్క వాట్ దగ్గర ఆగిందంటే ఇలాంటి ఒత్తిడి వల్లే అనుకుంటాను. అంతకు ముందు తయారైన పాత వస్తువులకి, నెట్‌వర్క్‌కి ఎప్పుడూ కనెక్ట్ అయి ఉండేవాటికి ఆ లెక్క వర్తించదు. కాబట్టి వెతకాల్సింది అక్కడే.

గుర్తుంచుకోవడానికి నేను వాడే ఒక అంకె చెప్తాను: ఏడాది పొడుగునా ఆగకుండా నడిచే ఒక్క వాట్ అంటే 8.76 యూనిట్లు. ఈ సౌండ్ సిస్టమ్ ఒక్కటే ఏడాదికి 166 యూనిట్లు.

నా గది లెక్క కూడా ఇక్కడే రాసేస్తాను. యూపీఎస్ 16, బ్యాకప్ హార్డ్ డిస్క్ పెట్టె 10, ఆపేసిన కంప్యూటర్, మానిటర్ కలిపి 5, ప్రింటర్ 4. నెలకోసారి వాడే ప్రింటర్‌కి ఇరవై నాలుగు గంటలూ కరెంటు దేనికి? ప్లగ్ తీసేశాను. కన్సోల్‌లో పవర్ సేవింగ్ సెట్టింగ్ మారిస్తే 7 కాస్తా ఒక్క వాట్ అయింది, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

6వ రోజు

ఇప్పుడు అసలు సెటప్. ఎప్పుడూ మీటరు ముందు నిలబడలేం కాబట్టి మెయిన్ లైన్ మీద పీజెడ్ఈఎమ్-004టీ అనే చిన్న కొలత బోర్డు, దాని రీడింగుల్ని వైఫైలో పంపడానికి ఈఎస్పీ32 అనే చిన్న చిప్, అన్నిటినీ ఒకచోట చూపించడానికి రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్. హోమ్ అసిస్టెంట్ 2013లో మొదలైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, 2021 ఆగస్టు వెర్షన్ నుంచి ఇందులో ఎనర్జీ డ్యాష్‌బోర్డ్ ఉంది. డేటా అంతా ఇంట్లోనే ఉంటుంది, ఇంటర్నెట్ పోయినా పని ఆగదు. నాకు ఇది చాలా ముఖ్యం. ఎవరు ఎప్పుడు స్నానం చేస్తున్నారో, ఇంట్లో ఎవరూ లేనిది ఎప్పుడో కరెంటు గ్రాఫ్ చూస్తే తెలిసిపోతుంది. ఆ గ్రాఫ్ ఎవరి సర్వర్‌లోనో ఉండటం నాకు ఇష్టం లేదు.

ముందు నా దగ్గరున్న మామూలు కరెంట్ క్లాంప్ (వైరు చుట్టూ తగిలించే కొలత రింగు) ఒక్కటే పెట్టి చూద్దామనుకున్నాను. యూపీఎస్ మీద పెడితే 45 చూపించింది, ప్లగ్ మీటరేమో 16 అంటోంది. కాసేపు తల పట్టుకున్నాక విషయం అర్థమైంది. క్లాంప్ ఆంపియర్లు మాత్రమే చూస్తుంది, దాన్ని వోల్టేజ్‌తో గుణిస్తే వచ్చేది వోల్ట్-ఆంపియర్లు. నిజమైన వాట్లు కావాలంటే వోల్టేజ్, కరెంటు రెండిటినీ ఒకే సమయంలో కొలవాలి, ఎందుకంటే యూపీఎస్‌లు, ఎల్ఈడీ డ్రైవర్లు, చిన్న అడాప్టర్ల పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్-ఆంపియర్లలో నిజమైన వాట్ల వంతు) తరచుగా బాగా తక్కువ ఉంటుంది. పీజెడ్ఈఎమ్ ఆ రెండిటినీ కొలుస్తుంది. ఉత్త క్లాంప్‌తో మొదలుపెట్టేవాళ్లు ఈ తేడా తెలియక లేని ఖర్చుని ఉన్నట్టు రాసుకుంటారు.

ఇంటి మెయిన్ బోర్డు లోపల పని మాత్రం నేను చెయ్యలేదు, ఎలక్ట్రీషియన్ చేత చేయించాను. మెయిన్ స్విచ్ ఆపినా మీటరు నుంచి వచ్చే వైర్లలో కరెంటు అలాగే ఉంటుంది. అక్కడ నేర్చుకుంటూ చెయ్యకూడదు. దయచేసి మీరూ చెయ్యకండి.

7వ రోజు

నిన్న పీజెడ్ఈఎమ్‌తో పాటు పెట్టించిన క్లాంప్ సున్నా చూపిస్తోంది. గీజర్ వేసినా సున్నానే. వైఫై సమస్యా, కోడ్‌లో తప్పా అని రాత్రి పన్నెండు దాకా వెతికాను. పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి మూత తీసి, "తమ్ముడూ, మూత వేసేటప్పుడు పక్క వైరు కూడా రింగులోకి జారినట్టుంది చూడు" అన్నాడు. అదే కారణం. ఫేజ్‌లో వెళ్లే కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటు సమానం, దిశలు వ్యతిరేకం. రెండూ ఒకే రింగులోంచి పోతే రెండిటి అయస్కాంత క్షేత్రాలూ రద్దయిపోయి ఏమీ కనపడదు. న్యూట్రల్ బయటికి తీసి ఫేజ్ ఒక్కటే రింగులో ఉంచగానే స్క్రీన్ మీద అంకె లేచింది. ఒక రోజంతా పోల్చి చూశాను, మీటరు 9.8 యూనిట్లు, నా బోర్డు 9.7. ఈ మాత్రం తేడా నాకు చాలు.

12వ రోజు

ఫ్రిజ్ గురించి నాన్న చెప్పిందే సగం నిజమైంది. ఐదు రోజుల గ్రాఫ్ ఉంది ఇప్పుడు. కంప్రెసర్ తిరిగేటప్పుడు 110 వాట్లు, ఆగినప్పుడు సున్నా రావాలి కానీ 14 ఉంటోంది. ఇరవై నాలుగు గంటల్లో 62 శాతం సమయం తిరుగుతూనే ఉంది. అర్ధరాత్రి రెండింటికి ఎవరూ తలుపు తియ్యరు కదా, అప్పుడు కూడా అదే తీరు. అంటే చల్లదనం ఎక్కడి నుంచో బయటికి పోతోంది.

కాగితం పరీక్ష చేశాను. తలుపు అంచులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగాలి, గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు. పైన మూడు వైపులా పట్టుకుంది. కింద, హ్యాండిల్ వైపు మూల దగ్గర కాగితం వెన్నలోంచి వచ్చినట్టు జారిపోయింది. వంగి చూస్తే అక్కడ రబ్బరు మడతలో నల్లగా జిడ్డు పేరుకుని, అంచు లోపలికి ముడుచుకుని ఉంది. గోరువెచ్చని సబ్బునీళ్లలో గుడ్డ ముంచి మడత మడతా తుడిచాను. ఆ మూలని హెయిర్ డ్రయ్యర్‌తో కొద్దిగా వేడి చేసి, వేలితో బయటికి లాగి, తలుపు మూసి గంట సేపు అలాగే వదిలేశాను. ఫ్రిజ్‌ని గోడ నుంచి కొంచెం ముందుకి జరిపాను, వెనక దుమ్ము దులిపాను.

మూడు రోజుల తర్వాత కంప్రెసర్ తిరిగే సమయం 44 శాతానికి దిగింది. రోజుకి దాదాపు అర యూనిట్ మిగులు, అదీ ఒక గుడ్డ ముక్కతో. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చిన గ్రాఫ్ ఇదే. అమ్మకి చూపిస్తే, "మరి ఆ మూల సరిగ్గా పడట్లేదని నేను ఎప్పుడో చెప్పాను కదరా" అంది. నిజమే, చెప్పింది.

ఇక ఆ 14 వాట్లు. తలుపు చట్రం మీద తేమ పట్టకుండా ఉండటానికి కొన్ని ఫ్రిజ్‌లలో చిన్న హీటర్ ఉంటుంది, మా దానికి లోపల ఎనర్జీ సేవర్ అని ఒక స్విచ్ కూడా ఉంది. అది నొక్కితే హీటర్ ఆగింది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో చట్రం మీద నీటి బొట్లు కనపడితే మళ్లీ వేస్తాను.

మధ్యలో గ్రాఫ్ ఉన్నట్టుండి 180కి ఎగిరి ఇరవై నిమిషాలు అక్కడే నిలబడితే టెన్షన్ పడ్డాను. మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ అది, ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్‌లలో మామూలే. ఇంకో జాగ్రత్త: ఫ్రిజ్‌కి స్మార్ట్ ప్లగ్ పెడితే, కరెంటు పోయి వచ్చాక ప్లగ్ తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఫ్రిజ్ ఆగిపోయిన సంగతి లోపల పదార్థాలు పాడయ్యాకే తెలుస్తుంది.

17వ రోజు

గీజర్. రాయాల్సింది ఎక్కువ ఉన్నది దీని గురించే.

లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడి చెయ్యాలంటే 1.163 వాట్-అవర్ కావాలి. ఇది ప్రకృతి లెక్క, ఎంత స్మార్ట్ పరికరం పెట్టినా మారదు. మా ట్యాంకు 25 లీటర్లు, నీళ్లు 25 డిగ్రీల నుంచి 60కి వెళ్లాలంటే 1018 వాట్-అవర్, 2000 వాట్ల హీటర్‌కి అరగంట పని. మరి మా గీజర్ స్విచ్ ఎంతసేపు వేసి ఉంటోందో తెలుసా? గ్రాఫ్‌లో పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా, సాయంత్రం మరో మూడు గంటలు. ఎవరూ స్నానం చెయ్యకపోయినా నీళ్లు చల్లారుతుంటాయి, థర్మోస్టాట్ మళ్లీ వేడి చేస్తుంటుంది. ఒక సెలవు రోజు అందరం బయటికి వెళ్తూ కావాలని వేసి ఉంచి కొలిచాం. ఒక్క చుక్క వాడకుండా ఇరవై నాలుగు గంటల్లో 1.1 యూనిట్లు ట్యాంకు గోడల్లోంచే పోయాయి.

థర్మోస్టాట్ 60 నుంచి 45కి తగ్గించాలన్న ఆలోచన వచ్చింది, కానీ మానుకున్నాను. లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా నిలవ నీళ్లలో సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య పెరుగుతుంది, దాన్ని పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ట్యాంకులో నీళ్లని 60 దగ్గర ఉంచమని చెప్పేది అందుకే. కరెంటు ఆదా కోసం ఆ పని చెయ్యను. వేడి అలాగే ఉంచి, వేసి ఉంచే సమయాన్ని తగ్గించడమే దారి.

18వ రోజు

గీజర్‌కి 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్ పెట్టి చూశాను. 2000ని 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు, కాగితం మీద సరిపోవాలి. పావుగంట తర్వాత పట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడి, పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. వెంటనే పీకేశాను. చిన్న ప్లగ్‌లో రిలే (కరెంటుతో పనిచేసే లోపలి స్విచ్) మీద రాసే అంకె కొద్దిసేపు వచ్చే లోడ్‌కి సరిపోవచ్చు గానీ, అరగంట పాటు ఆగకుండా అంత కరెంటు పోతే లోపలి కాంటాక్టులు, పిన్నుల పట్టు తట్టుకోవాలి. గీజర్, మోటారు, హీటర్ లాంటివాటికి దయచేసి ఈ ప్లగ్గులు వాడకండి.

ఎలక్ట్రీషియన్ మళ్లీ వచ్చి 25 ఆంపియర్ల కాంటాక్టర్, అంటే పెద్ద రిలే లాంటిది, పెట్టి వెళ్లాడు. బరువైన కరెంటు అంతా కాంటాక్టర్ మోస్తుంది, నా చిన్న రిలే దాని కాయిల్‌ని ఆన్ ఆఫ్ చేస్తుంది అంతే.

టైమ్ టేబుల్ ప్రకారం నడపాలని మొదట రాశాను. రెండు రోజుల్లో అమ్మ విసుక్కుంది, "నేను స్నానం చేసే టైమ్ నీ కంప్యూటర్ చెప్పాలా?" అంది. న్యాయమైన మాట. టైమ్ టేబుల్ తీసేసి బాత్రూమ్ బయట ఒక బటన్ అంటించాను. ఒకసారి నొక్కితే నలభై నిమిషాలు, ఆ తర్వాత దానంతటదే ఆగిపోతుంది. ఇంకెవరూ ఆపడం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రోజుకి 2.9 యూనిట్ల నుంచి 2.2కి వచ్చింది. మిగిలిన 2.2లో చాలా వరకు మేము నిజంగా వాడుకున్న వేడి నీళ్లే.

22వ రోజు

ఆ బటన్ రోజుకి రెండు మూడుసార్లు పనిచెయ్యట్లేదు. జిగ్బీ అనే చిన్న వైర్‌లెస్ పద్ధతిలో పనిచేసే బటన్ అది. బ్యాటరీ మార్చాను, దగ్గరికి తెచ్చాను, లాభం లేదు. దాని సిగ్నల్ అందుకునే జిగ్బీ డాంగుల్‌ని రాస్ప్‌బెర్రీ పై మీద యూఎస్‌బీ 3 పోర్టులో నేరుగా పెట్టాను, కారణం అది. యూఎస్‌బీ 3 నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది, జిగ్బీ మాట్లాడేదీ అక్కడే. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో డాంగుల్‌ని దూరం జరిపి యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టాను. జిగ్బీ ఛానెల్‌ని 25కి మార్చాను, వైఫై 1, 6, 11 ఛానెళ్లలో ఉంటే అది కొంచెం ఖాళీగా ఉండే చోటు. నాలుగు రోజులుగా ఒక్కసారి కూడా తప్పలేదు.

26వ రోజు

స్మార్ట్ బల్బుల మీద నా అభిప్రాయం మారింది. స్టోర్‌రూమ్‌లో 9 వాట్ల స్మార్ట్ బల్బు పెట్టాను, రోజుకి గంట వెలుగుతుంది, 9 వాట్-అవర్. వెలగని ఇరవై మూడు గంటలూ వైఫై వింటూ అర వాట్ చొప్పున 11.5 వాట్-అవర్ తింటుంది. వెలుగు కంటే ఎదురుచూపుకే ఎక్కువ కరెంటు! తీసేసి మామూలు ఎల్ఈడీ పెట్టాను. రోజూ చాలా గంటలు వెలిగే చోట, మనుషులు ఆపడం మర్చిపోయే చోట సెన్సర్ పనికొస్తుంది. మిగతా చోట్ల గోడ స్విచ్చే మంచిది.

నాన్న కుర్చీలో కదలకుండా పుస్తకం చదువుతుంటే హాల్ లైటు రెండుసార్లు ఆరిపోయింది. పీఐఆర్ సెన్సర్ వెచ్చని వస్తువు కదలికనే పట్టుకుంటుంది, కదలని మనిషి దానికి కనపడడు. నాన్న ఏమీ అనలేదు, లేచి స్విచ్ వేసుకున్నారు. నాకే బాధేసింది. హాల్లోంచి ఆ సెన్సర్ తీసేసి మెట్ల దగ్గర పెట్టాను, అక్కడ ఎవరూ కూర్చోరు.

31వ రోజు

ఈరోజు నేను పెట్టిన సామాను లెక్క వేశాను, ఇది ముందే చెయ్యాల్సింది. రాస్ప్‌బెర్రీ పై 4 వాట్లు, ఈఎస్పీ32 అర వాట్, ఎనిమిది ప్లగ్గులు ఒక్కోటి 0.8 చొప్పున 6.4. మొత్తం 11 వాట్లు, అంటే ఏడాదికి 96 యూనిట్లు కరెంటు ఆదా చేసే సామానుకే పోతోంది. కొలవడం అయిపోయిన ఆరు ప్లగ్గులు తీసి డబ్బాలో పెట్టేశాను, పక్కింటివాళ్లు అడిగితే ఇస్తాను. ఇప్పుడు దాదాపు 6 వాట్లు. సౌండ్ సిస్టమ్, యూపీఎస్, సెట్‌టాప్ బాక్స్‌లకి మామూలు స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు పెట్టాను. సెట్‌టాప్ బాక్స్ లేవడానికి రెండు నిమిషాలు పడుతోంది, నాన్న సరే అన్నారు.

38వ రోజు

నెల రీడింగ్: 239. పోయినేడాది ఇదే నెల 304. నాన్న నాలుగు రోజులు ఇంట్లో లేరు, కాబట్టి ఇందులో కొంత దానివల్ల తగ్గింది. వచ్చే నెల కూడా చూస్తే గానీ నేను ఈ అంకెని గట్టిగా పట్టుకోను. విడివిడి లెక్కలు కూడా కూడి చూశాను: స్టాండ్‌బైలో 42, గీజర్‌లో 21, ఫ్రిజ్‌లో 14, అందులోంచి నా సామాను 4 తీసేస్తే 73 దాకా తగ్గాలి. 310 నుంచి చూస్తే దాదాపు అంతే తగ్గింది, అదే నాకు ధైర్యం.

ఏసీ ఇంకా ముట్టుకోలేదు, ఈ నెలంతా వెయ్యనే లేదు. వేసినప్పుడు మాత్రం ప్లగ్‌తో ఆపడం, వెయ్యడం చెయ్యను. కంప్రెసర్ ఆగాక లోపలి ఒత్తిడి సర్దుకోవడానికి దాదాపు మూడు నిమిషాలు కావాలి, నడుస్తుండగా కరెంటు తెంపి వెంటనే ఇస్తే దానికి దెబ్బ. రిమోట్ సిగ్నల్ పంపే ఐఆర్ బ్లాస్టర్‌తో, తెల్లవారుజామున ఒక్కో డిగ్రీ పెంచేలా రాస్తాను.

రాత్రి అందరూ పడుకునే ముందు చెల్లి నేనూ మళ్లీ మీటరు దగ్గరికి వెళ్లాం. ఫ్యాన్లు, లైట్లు ఆపి, ఫ్రిజ్ ఆగేదాకా ఆగాం. "పద్దెనిమిది... పందొమ్మిది... ఇరవై, మెరిసిందన్నయ్యా!" ఇరవై సెకన్లు, 56 వాట్లు. అందులో రౌటర్, హార్డ్ డిస్క్, నీళ్ల ఫిల్టర్ అడాప్టర్, నా సామాను పోను, మొదటి రోజు మిగిలిన ఆ 15 వాట్లు ఇంకా ఎక్కడివో తెలియదు. వాడని ఏసీల స్టాండ్‌బై మీద నా అనుమానం. ఆదివారం వాటి ఎంసీబీలు ఒక్కోటీ ఆపి చూడాలి.